కోడి రోగం మనిషిదాక ఎట్ల వస్తది? అందరికి ఎందుకు రాదు?

మా చిన్నమ్మ కొడుకు కోళ్ల షెడ్డుల పనికి పోతడు. పోయిన చలికాలం ఒకనాడు పొద్దుగాల్నే ఫోన్ చేసిండు. “అన్నా, లేచి చూసేసరికి నాలుగు వందల కోళ్లు చచ్చి పడి ఉన్నయి. ఉట్టి చేతులతోనే బస్తాలల్ల నింపి గుంతల ఏసినం. నాకేమన్న అయితదా?” అన్నడు. గొంతుల బుగులు వినబడ్డది. సబ్బు పెట్టి తానం చెయ్యమన్న, తొడుక్కున్న బట్టలు పిండుకోమన్న, పది దినాలు జ్వరం చూసుకోమన్న. వానికి ఏం కాలేదు. కానీ ఆ కోళ్లు ఏ రోగంతోని చచ్చినయో ఇప్పటికీ ఎవలకు ఎరుక లేదు. పరీక్షకు పంపనే లేదు.

ఆ పొద్దు వాడు ఇంకో మాట కూడా అడిగిండు. “కోడికి వచ్చే రోగం మనిషికి ఎట్ల వస్తదన్నా? వచ్చేదే అయితే మనం చిన్నప్పటి సంది కోళ్ల నడుమనే పెరిగినం గదా, అందరికి ఎందుకు వస్తలేదు?” ఈ ప్రశ్న చిన్నది కాదు. పెద్ద పెద్ద ల్యాబులల్ల ముప్పై ఏండ్ల సంది దీని మీదనే పని నడుస్తున్నది. నేను డాక్టర్ను కాను, బయాలజీ చదివినోణ్ణి. నాకు తెలిసిన కాడికి, మనకు అర్థమయ్యే మాటల్ల చెప్త.

ఇది ఏం పురుగు?

బర్డ్ ఫ్లూ అంటే కొత్తగ పుట్టిన రోగం కాదు. మనకు చలికాలంల వచ్చే ఫ్లూ జ్వరం ఏ ఇంటి వైరస్‌దో, ఇది కూడ ఆ ఇంటిదే. దాని పేరు ఇన్‌ఫ్లుయెంజా ఎ. ఇది ఎంత చిన్నదంటే పది వేల వైరస్‌లను వరుసగ పేరిస్తే ఒక మిల్లీమీటర్ అయితది. మీద కొవ్వు పొర ఉంటది. సబ్బు పెట్టంగనే ఆ పొర పలిగి వైరస్ చస్తది. లోపల ఆర్ఎన్ఎ అనే పదార్థంల దాని జాతకం రాసి ఉంటది. ఆ జాతకం ఒక్క పొడుగు కాయితం కాదు, ఎనిమిది విడి విడి ముక్కలు. ఈ ఎనిమిది ముక్కల సంగతి యాద్ పెట్టుకోండ్రి, తర్వాత పనికొస్తది.

వైరస్ మీద రెండు రకాల ముండ్లు ఉంటయి. ఒకటి హీమగ్లూటినిన్, పొట్టిగ హెచ్. చేనుల నడిచి వస్తే లుంగీకి ఉత్తరేణి గింజలు అంటుకుంటయి చూడు, అట్ల మన కణానికి అంటుకునే ముల్లు ఇది. రెండోది న్యూరామినిడేజ్, పొట్టిగ ఎన్. ఇది కత్తెర. కణంల పుట్టిన పిల్ల వైరస్‌లు బయటికి వచ్చేటప్పుడు అక్కడనే అతుక్కపోకుంట కోసి విడిపిస్తది. పక్షులల్ల హెచ్ 1 నుంచి 16 దాక, ఎన్ 1 నుంచి 9 దాక రకాలు దొరికినయి. హెచ్5ఎన్1 అంటే అయిదో రకం ముల్లు, ఒకటో రకం కత్తెర ఉన్న వైరస్ అన్నట్టు. అది మంత్రం కాదు, ఇంటి నంబర్ లాంటిది.

ఈ వైరస్‌లకు అసలు ఇల్లు బాతులు, నీటి పక్షులు. చానా మట్టుకు వాటి పేగులల్ల పెరుగుతయి. పక్షికి జ్వరం కూడ రాదు. రెట్టతోని చెరువు నీళ్లల్ల పడ్తయి. సల్లటి నీళ్లల్ల చానా రోజులు బతుకుతయి. అందుకే మన దగ్గర చలికాలంల, వలస పక్షులు చెరువులకు దిగే కాలంల ఈ రోగం ముచ్చట ఎక్కువ వినబడ్తది.

కోడి రాత్రికి రాత్రే ఎందుకు చస్తది?

బాతు తట్టుకుంటది, కోడి తట్టుకోదు. దీనికి కారణం హెచ్ ముల్లు తయారయ్యే తీరుల ఉన్నది. ఆ ముల్లు కణంల ఒకటే ముక్కగ తయారయితది. దాన్ని ఒక కాడ కొయ్యాలె. కోస్తేనే వైరస్ ఇంకో కణంల దూరగలుగుతది. మామూలు రకంల ఆ కోత కోసే ఎంజైమ్ పక్షి శ్వాస గొట్టంల, పేగులల్ల మాత్రమే ఉంటది. కాబట్టి రోగం ఆడనే ఆగుతది. దీన్ని తక్కువ తీవ్రత రకం అంటరు.

హెచ్5, హెచ్7 రకాలల్ల అప్పుడప్పుడు ఆ కోసే కాడ మార్పు వస్తది. ఆ మార్పు వచ్చినంక ఫ్యూరిన్ అనే ఎంజైమ్ కూడ దాన్ని కొయ్యగలుగుతది. ఫ్యూరిన్ పెయ్యిల అన్ని అవయవాలల్ల ఉంటది. ఇగ వైరస్‌కు అడ్డు లేదు. మెదడు, గుండె, రక్తనాళాలు అన్నిట్ల పెరుగుతది. తురాయి నీలంగ మారుతది, తల వాస్తది, ఒక్కోసారి ఏ గుర్తు లేకుంటనే షెడ్డు షెడ్డంత కూలిపోతది. దీన్ని ఎక్కువ తీవ్రత రకం అంటరు.

కొక్కెర తెగులు వచ్చినా కోళ్లు ఇట్లనే కుప్పకూలుతయి. కండ్లతోని చూసి “ఇది కొక్కెరనే” అని ఎవలు చెప్పినా నమ్మొద్దు. ల్యాబుల పరీక్ష ఒక్కటే తేలుస్తది. బర్డ్ ఫ్లూ అని గట్టిగ తేల్చేది భోపాల్‌ల ఉన్న జాతీయ ల్యాబు.

ఇంకో సంగతి. ఎక్కువ తీవ్రత, తక్కువ తీవ్రత అనేది కోడిని చూసి పెట్టిన పేరు, మనిషిని చూసి కాదు. 2013ల చైనాల హెచ్7ఎన్9 అనే రకం బయటపడ్డది. కోళ్లు మంచిగనే మేస్తున్నయి, గుడ్లు పెడ్తున్నయి. కానీ కోళ్ల అంగళ్లకు పోయినోళ్లు దవఖానలల్ల పడ్డరు. ఆ తర్వాత కొన్నేండ్లల్ల 1,500 మందికి పైగ సోకింది, అండ్ల 600 మందికి పైగ చచ్చిపోయిండ్రు. కోడి బాగున్నదంటే మనం బాగున్నట్టే అనుకునేటందుకు లేదు.

మనిషిల బతకాలంటే మూడు గడపలు దాటాలె

ఇగ మా తమ్ముని ప్రశ్నకు వస్త. పక్షి వైరస్ మనిషి వైరస్ కావాలంటే మూడు గడపలు దాటాలె.

మొదటి గడప అంటుకునుడు. మన కణాల మీద సియాలిక్ ఆమ్లం అనే చక్కెర లాంటి పదార్థం ఉంటది. హెచ్ ముల్లు దాన్నే పట్టుకుంటది. ఈ చక్కెర కణానికి రెండు తీర్ల అతుక్కొని ఉంటది. పక్షుల పేగులల్ల ఒక తీరు, మన ముక్కుల, గొంతుల ఎక్కువగ ఇంకో తీరు. పక్షి వైరస్ ముల్లు పక్షి తీరుకు అమరుతది. మన ముక్కుల పడ్డా పట్టు దొరకక చీమిడితోని బయటికి పోతది. అందరికి ఎందుకు రాదు అనేటందుకు పెద్ద జవాబు ఇదే.

అయితే పక్షి తీరు చక్కెర మన పెయ్యిల అసలే లేదని కాదు. కంటి పొరల ఉన్నది, ఊపిరితిత్తుల అడుగున గాలి తిత్తులల్ల ఉన్నది. ధూళి బాగ లేచిన షెడ్డుల గంటలు గంటలు ఊపిరి పీలిస్తే, రోగమొచ్చిన కోడిని కోసి ఈకలు పీకితే, ఆ చేయితోనే కన్ను నలుపుకుంటే వైరస్ ఆ జాగలకు చేరుతది. ఊపిరితిత్తుల అడుగున పట్టు దొరికితే న్యుమోనియా వస్తది. అందుకే ఈ రోగం శానా తక్కువ మందికి వస్తది, కానీ వస్తే ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తది. ఊపిరితిత్తుల అడుగున ఉన్నది కాబట్టి దగ్గు తుంపరలతోని పక్కోనికి సులువుగ పాకది కూడ. మనకు ఇప్పటిదాక అదే ఆసరా.

రెండో గడప వేడి. కోడి పెయ్యి 41 డిగ్రీల కాడ ఉంటది. మన ముక్కు లోపల 33 డిగ్రీలే. పక్షి వైరస్‌ల కాపీలు తీసే మిషన్ లాంటి ప్రొటీన్ ఆ వేడికి అలవాటు పడ్డది, మన ముక్కు సల్లదనంల మెల్లగైతది. అదీగాక ఆ మిషన్ నడవాలంటే మన కణంల ఉన్న ఒక ప్రొటీన్ సాయం కావాలె. కోడిల ఉన్న ప్రొటీన్, మనల ఉన్న ప్రొటీన్ ఒక్క తీరుగ లేవు. కానీ పీబీ2 అనే ముక్కల 627వ కాడ ఒక్క అక్షరం లాంటి మార్పు వస్తే చాలు, మనిషి కణంల ఆ మిషన్ మంచిగ నడుస్తది. 2024ల అమెరికా టెక్సస్‌ల పాడి ఆవుల కాడ పనిచేసే మనిషికి సోకిన వైరస్‌ల ఈ మార్పు కనబడ్డది. ఆయనకు కండ్లు ఎర్రవడుడు తప్ప పెద్దగ ఏం కాలేదు. మార్పు ఒక్కటి వచ్చినంత మాత్రాన కథ అయిపోదు, కానీ ఒక గడప దాటినట్టే.

మూడో గడప గాలి. మనిషి నుంచి మనిషికి దగ్గుతోని, తుమ్ముతోని పాకాలంటే వైరస్ ముక్కుల, గొంతుల పెరగాలె, గాలిల కొంచెం సేపు చెడకుంట ఉండాలె. హెచ్5ఎన్1 ఈ గడప ఇంకా దాటలేదు. కానీ దాటలేనిది కాదని 2012ల అచ్చయిన రెండు పరిశోధనలు చూపించినయి. ఫెర్రెట్ అని ముంగిస లాంటి జంతువు ఉంటది. ఫ్లూ విషయంల దాని పెయ్యి మన లెక్కనే పనిచేస్తది. ల్యాబుల హెచ్5 వైరస్‌కు నాలుగైదు మార్పులు వచ్చేసరికి ఒక ఫెర్రెట్ నుంచి ఇంకో ఫెర్రెట్‌కు గాలితోనే పాకింది. అటువంటి పరిశోధన చెయ్యొచ్చా వద్దా అని అప్పుడు ప్రపంచమంత పెద్ద లొల్లి అయ్యింది.

మార్పులు ఎట్ల వస్తయి?

రెండు తొవ్వలు ఉన్నయి. ఒకటి నకలు తప్పులు. మన డీఎన్ఎ కాపీ తీసేటప్పుడు తప్పులు దిద్దే ఏర్పాటు ఉంటది. ఈ వైరస్ మిషన్‌కు ఆ దిద్దుడు రాదు. కాపీ కాపీకి తప్పులు పడ్తయి. చానా తప్పులతోని వైరస్‌కే నష్టం. కోట్ల కాపీలల్ల ఒక్కటి మాత్రం గడప దాటే తప్పు కావచ్చు.

రెండో తొవ్వ కలగలుపు. ఎనిమిది ముక్కలు యాద్ పెట్టుకోమన్న గదా. ఒకటే కణంల పక్షి ఫ్లూ, మనిషి ఫ్లూ రెండూ దూరినయి అనుకో. బయటికి వచ్చే పిల్ల వైరస్‌ల ఇటు మూడు ముక్కలు, అటు అయిదు ముక్కలు కలువొచ్చు. పేకముక్కలు రెండు కట్టలు కలిపి పంచినట్టు. ఒక్క రాత్రిల కొత్త వైరస్ పుడ్తది. పందుల గొంతుల రెండు తీర్ల చక్కెరలు ఉంటయి కాబట్టి ఈ కలగలుపుకు పంది మంచి జాగ. 1957ల, 1968ల ప్రపంచాన్ని చుట్టిన ఫ్లూలు మనిషి వైరస్‌ల పక్షి ముక్కలు కలిసి పుట్టినవే. 2009ల వచ్చిన స్వైన్ ఫ్లూల పంది, పక్షి, మనిషి ముక్కలు అన్నీ ఉన్నయి.

అంటే మనిషికి ఒక్కసారి సోకుడంటే ఒక్కసారి పాచికలు వేసినట్టు. చానా సార్లు మనమే గెలుస్తం. కానీ ఎన్నిసార్లు వెయ్యనిస్తున్నం అన్నదే అసలు ప్రశ్న.

ఇప్పటిదాక ఏం జరిగింది?

1997ల హాంకాంగ్‌ల మొదటిసారి హెచ్5ఎన్1 కోళ్ల నుంచి మనుషులకు సోకినట్టు తేలింది. 18 మందికి వచ్చింది, ఆరుగురు చచ్చిపోయిండ్రు. అక్కడి సర్కారు ఊళ్లె ఉన్న కోళ్లన్నిటిని, పదిహేను లక్షల దాక, కొన్ని దినాలల్లనే చంపించింది. ఆ వైరస్ మనుషులల్ల అప్పటికి ఆగింది. 2003 సంది మల్ల లేచింది. అప్పటి నుంచి ఇప్పటిదాక ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకు వచ్చినోళ్లు వెయ్యి మందికి దగ్గర దగ్గర. అండ్ల సగం మంది దాక పోయిండ్రు. కొంచెం జ్వరం వచ్చి తగ్గిపోయినోళ్లు దవఖానకు పోరు, లెక్కల పడరు. కాబట్టి అసలు ప్రమాదం ఈ సగం కన్న తక్కువ ఉండొచ్చు. కానీ లెక్కల పడ్డోళ్ల బాధ మాత్రం నిజం.

2024ల అమెరికాల పాడి ఆవులకు పాకింది. వైరస్ పొదుగుల పెరిగి పచ్చి పాలల్ల వచ్చింది. ఆవుల కాడ, కోళ్ల కాడ పనిచేసేటోళ్లకు డెబ్బై మంది దాక సోకింది, ఎక్కువ మందికి కండ్లు ఎర్రవడుడు, చిన్న జ్వరం.

మన దేశంల కోళ్లకు మొదటిసారి 2006ల మహారాష్ట్ర నవాపూర్‌ల వచ్చింది. 2015ల హైదరాబాద్ పక్కన హయత్‌నగర్ మండలం తొర్రూరుల వచ్చింది. 2025 ఫిబ్రవరిల గోదావరి జిల్లాలల్ల, తణుకు దిక్కు వేల్పూరుల, పెరవలి దిక్కు కానూరు అగ్రహారంల తేలింది. తెలంగాణ సర్కారు సరిహద్దుల కాడ కోళ్ల బండ్లను ఆపింది. మనుషుల సంగతికి వస్తే, 2021ల హర్యానా పిలగాడు ఒకడు హెచ్5ఎన్1తోని చచ్చిపోయిండు. 2025 మార్చిల పల్నాడు జిల్లాల రెండేండ్ల పాప పోయింది. పూణెల ఉన్న జాతీయ వైరాలజీ సంస్థ హెచ్5ఎన్1 అని తేల్చింది. కోడి కోసేటప్పుడు పాప పచ్చి ముక్క తిన్నదని ఇంటోళ్లు చెప్పినట్టు వార్తలల్ల వచ్చింది. రెండేండ్ల పసిది. మన ఇండ్లల్ల కూడ కోడి కోసే కాడ పోరగాండ్లు చుట్టు మూగుతరు గదా. నాకు ఆ వార్త ఇప్పటికీ మరుపుకు రాదు.

మరి కోడికూర తినొచ్చా?

తినొచ్చు. వైరస్ ప్రొటీన్లతోని, కొవ్వుతోని చేసిన బొమ్మ. లోపల ముక్కదాక 70 డిగ్రీల వేడి తగిలితే చెడిపోతది. మన కూర అంతకన్న ఎక్కువనే ఉడుకుతది. గుడ్డు కూడ తెల్లసొన, పచ్చసొన గట్టిపడేదాక ఉడికించాలె. 2025ల రోగం ముచ్చట వచ్చినప్పుడు జనం బుగులువడి చికెన్ బంద్ పెట్టిండ్రు, రేటు పడ్డది, రైతు మునిగిండు. భయం పెట్టుకోవాల్సిన జాగ పళ్లెం కాదు. షెడ్డు, కోసే పీట, చచ్చిన కోళ్ల గుంత.

కాబట్టి ఇవి పాటించుండ్రి. చచ్చిన కోడిని ఉట్టి చేతులతోని పట్టొద్దు. గ్లౌజులు లేకుంటే ప్లాస్టిక్ కవర్ చేతికి చుట్టుకోండ్రి, ముక్కుకు, కండ్లకు అడ్డం పెట్టుకోండ్రి. కాలువల, చెరువుల ఎయ్యొద్దు, కుక్కలకు వెయ్యొద్దు. రోగమొచ్చిన కోడిని “చచ్చేలోపల కోసి తిందాం” అని కొయ్యొద్దు, వండుడు కన్న కోసుడే ప్రమాదం. పచ్చి మాంసం కోసిన కత్తి, పీట సబ్బుతోని కడుగుండ్రి, పోరగాండ్లను అటు రానియ్యొద్దు. ఒక్కసారే ఎక్కువ కోళ్లు చస్తే పశువుల డాక్టర్‌కు చెప్పుండ్రి, 1962కు ఫోన్ చెయ్యుండ్రి. కోళ్ల కాడ పనిచేసినంక పది దినాలల్ల జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే, కండ్లు ఎర్రవడితే దవఖానకు పోయి “నేను చచ్చిన కోళ్లను ముట్టుకున్న” అని నోరు తెరిచి చెప్పుండ్రి. ఆ ఒక్క మాట చెప్పకుంటే డాక్టర్ మామూలు జ్వరం అనుకుంటడు. ఒసెల్టామివిర్ అనే మందు ఉన్నది. అది ఆ ఎన్ కత్తెరను పట్టేస్తది, పిల్ల వైరస్‌లు విడిపోవు. మొదటి రెండు దినాలల్ల మొదలు పెడితే ఎక్కువ పనిచేస్తది. డాక్టర్ చెప్పకుంట మాత్రం మింగొద్దు.

చివరికి నా మాట

రోగం తేలితే చుట్టూ కిలోమీటర్ దాక కోళ్లను చంపుతరు. అట్ల చంపిన కోళ్లకు సర్కారు పరిహారం ఉంటది. రోగంతోని ముందే చచ్చిపోయిన కోళ్లకు ఉండదు. అంటే తొందరగ చెప్పిన రైతుకే ఎంతో కొంత మిగులుతది. కానీ చెప్తే షెడ్డు బంద్ అయితది, బాకీలోళ్లు మీద పడ్తరు అని చానా మంది గుంత తవ్వి పూడ్చేస్తరు. వాళ్లను తిట్టుడు సులువు. పరిహారం తొందరగ, పూర తీరుగ చేతికొస్తదన్న నమ్మకం ఉంటే వాళ్లే ఫోన్ చేస్తరు. ఇగ షెడ్డుల కూలికి పోయే మా తమ్ముని అసొంటోళ్లకు ఏ లెక్కలా జాగ లేదు. కోళ్లు పోతే రైతుకు పరిహారం ఉన్నది, కూలి పోయినోనికి ఏమున్నది? వానికి ఇచ్చే గ్లౌజులు, మాస్కు, సబ్బు ఖర్చు ఒక్క కోడి ధర కూడ కాదు. షెడ్డుకు లోను ఇచ్చేటప్పుడే వీటిని తప్పనిసరి చెయ్యొచ్చు. ఒక్కసారే ఇన్ని కోళ్లు చస్తే పూడ్చేముందు శాంపిల్ తియ్యాలె అని గ్రామ పంచాయితీ అడగొచ్చు.

ఈ వైరస్ మూడో గడప కాడ నిలబడి ఉన్నది. అది దాటుతదా దాటదా అన్నది అమెరికా ల్యాబులల్లనో, ఢిల్లీ ఆఫీసులల్లనో మాత్రమే తేలదు. పొద్దుగాల్నే షెడ్డు తలుపు తీసి, చచ్చిన కోళ్లను ముందుగాల చూసేటోడు ఏం చేస్తడన్న దాని మీద కూడ ఉన్నది. మొన్న మల్ల మా తమ్మునికి ఇదే చెప్పిన. “తమ్మీ, అందరికి ఎందుకు రాదంటే మన ముక్కు మనల్ని కాపాడుతున్నది. దాని పనిని నువ్వు చేతులతోని చెడగొట్టకు” అన్న. వాడు నవ్వి, “అయితే గ్లౌజులు కొనియ్యమని మా సేటుకు నువ్వే చెప్పన్నా” అన్నడు. అందుకే ఇది రాసిన.